‘లెజ్గిన్’ అంటే ఎవరు? పేరు, భాష, మతం, నేల విడివిడిగా చూస్తే

ఫోన్‌లో ఏదో పెళ్ళి వీడియో వస్తుంది. డోలు గట్టిగా మోగుతుంటుంది, నల్ల కోటు వేసుకున్న కుర్రాడు మునివేళ్ళ మీద గిరగిరా తిరుగుతుంటాడు, ఎదురుగా అమ్మాయి నేల మీద జారిపోతున్నట్టు అడుగులేస్తుంటుంది. కింద ‘లెజ్గింకా’ అని రాసి ఉంటుంది. ఆ ఆడుతున్నవాళ్ళు చెచెన్లు కావచ్చు, అవార్లు కావచ్చు, జార్జియన్లు కూడా కావచ్చు. కాకసస్ కొండల్లో దాదాపు అందరూ ఆడే ఆ నృత్యానికి పేరిచ్చిన లెజ్గిన్లు ఎవరో మాత్రం ఆ వీడియో చూసినవాళ్ళలో చాలామందికి తెలియదు.

2024 డిసెంబర్ 25న బాకూ నుంచి రష్యాలోని గ్రోజ్నీ వెళ్తున్న అజర్‌బైజాన్ విమానం కజకస్తాన్‌లోని అక్తావ్ దగ్గర కూలి 38 మంది చనిపోయాక రష్యాకీ అజర్‌బైజాన్‌కీ మధ్య మాటామాటా పెరిగింది. ఈ రెండు దేశాలకూ చెడినప్పుడల్లా సరిహద్దుకు రెండు వైపులా బతుకుతున్న లెజ్గిన్ల ప్రస్తావన ఎక్కడో ఒకచోట వస్తుంది. వెంటనే గందరగోళం మొదలవుతుంది. వీళ్ళు రష్యన్లా, అజర్‌బైజానీలా? టర్కీ భాష మాట్లాడతారా? షియాలా, సున్నీలా? నాలుగు లక్షలా, పది లక్షలా? రష్యాలోని డాగెస్తాన్ రాజధాని మఖాచ్‌కలాలో మెడిసిన్ చదువుతున్న మన దేశపు పిల్లలకైతే ఇది రోజూ ఎదురయ్యే సంగతే, ఎందుకంటే అక్కడ క్లాసులో పక్కన కూర్చున్న కుర్రాడు అవారో, కుమిక్కో, లెజ్గినో అయ్యుంటాడు, ముగ్గురి భాషలూ వేరు.

నాకు అర్థమైనంతలో చిక్కంతా ఒక్కచోట ఉంది. లెజ్గిన్ అనే పేరుకు ఒక హద్దు, భాషకు ఇంకో హద్దు, మతానికి మరొకటి, నేలకు వేరొకటి ఉన్నాయి, ఈ నాలుగు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడవు. వార్తలు నాలుగింటినీ కలిపేసి చెబుతాయి. విడదీసి చూస్తే చాలావరకు తేటపడుతుంది.

## ముందు మ్యాప్‌లో చోటు

కాస్పియన్ సముద్రానికి పడమటి ఒడ్డున, కాకసస్ కొండల తూర్పు కొసన సమూర్ అనే నది ఉంది. పొడవు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, అంతే. కొండల్లో పుట్టి, లోయలు కోసుకుంటూ వచ్చి, సముద్రం దగ్గర డెల్టాగా విడిపోతుంది. దానికి ఉత్తరాన రష్యాలోని డాగెస్తాన్ రిపబ్లిక్, దక్షిణాన అజర్‌బైజాన్. నది చివరి భాగంలో సరిహద్దు ఈ నీళ్ళ వెంటే నడుస్తుంది.

లెజ్గిన్లు రెండు వైపులా ఉన్నారు. డాగెస్తాన్ వైపు అఖ్తి, దోకుజ్‌పారా, మగరమ్‌కెంత్, కురఖ్, సులేమాన్-స్తాల్‌స్కీ జిల్లాలు, ఇంకా దెర్బెంత్ పట్టణం. అజర్‌బైజాన్ వైపు కుసార్ జిల్లాలో అత్యధికులు వీళ్ళే, పక్కనున్న కుబా, ఖచ్మాజ్ జిల్లాల్లోనూ, కొండలకు దక్షిణాన కబాలా, ఇస్మాయిల్లీ వైపు కూడా ఊళ్ళు ఉన్నాయి. పనుల కోసం బాకూకు, సుమ్‌గాయిత్‌కు, మాస్కోకు వెళ్ళి స్థిరపడినవాళ్ళు చాలామంది.

కొండలంటే మామూలు కొండలు కావు. సరిహద్దు మీదున్న బజార్‌దుజు శిఖరం 4,466 మీటర్లు, అజర్‌బైజాన్‌లో అంతకన్నా ఎత్తైనది లేదు. డాగెస్తాన్ వైపున్న కురుష్ అనే లెజ్గిన్ ఊరు సముద్రమట్టానికి సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉంది. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన కొండే 1,700 మీటర్లు దాటదు, అలాంటిది అక్కడ ఏకంగా ఊరే ఆ ఎత్తున ఉంది. అంత పైన పంట పండేది తక్కువ, బతుకు గొర్రెల మీద. ఎండాకాలం పై పచ్చికల్లో మేపి, చలికాలం మందల్ని కింది మైదానాలకు తోలుకెళ్ళాలి. ఆ మైదానాల్లో చాలా భాగం ఇప్పుడు సరిహద్దుకు అవతల పడింది. ఈ గొర్రెల దారి గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పని పడుతుంది.

## పాత రాతల్లో ‘లెజ్గి’ అంటే ఈ లెజ్గిన్లే అనుకోవద్దు

1739లో నాదిర్ షా ఢిల్లీని దోచుకున్నాడు. నెమలి సింహాసనం పోయింది, మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూర్ పోయింది. ఆ కథ మనకు అక్కడితో ఆగిపోతుంది. తర్వాత నాదిర్ షా ఎక్కడికి వెళ్ళాడు? డాగెస్తాన్ మీదికి. అతని తమ్ముడు ఇబ్రహీం ఖాన్‌ను 1738లో జార్ ప్రాంతపు కొండవాళ్ళు యుద్ధంలో చంపేశారు. దానికి పగ తీర్చుకోవడానికి 1741లో పెద్ద సైన్యంతో దండెత్తాడు, అక్కడి కొండల్లో అండలాల్ అనే చోట గట్టి దెబ్బ తిన్నాడు, రెండేళ్ళు తంటాలుపడి చివరికి చేతకాక వెనక్కి మళ్ళాడు. ఢిల్లీ లొంగింది గానీ ఆ కొండలు లొంగలేదు.

పర్షియన్ రాతల్లో ఈ శత్రువుల పేరు ‘లెజ్గి’. కానీ జార్‌లో పోరాడినవాళ్ళలో ఎక్కువమంది అవార్లు, అండలాల్ దగ్గరా ముందున్నది అవార్లు, లక్‌లు. ఇవాళ మనం లెజ్గిన్ అంటున్న జనం అక్కడ ప్రధానం కాదు. ఎందుకిలా? పర్షియన్లు, టర్కులు, తర్వాత రష్యన్లు కూడా డాగెస్తాన్ కొండవాళ్ళందరినీ కలిపి లెజ్గిలు అనేవాళ్ళు. ఉత్తరాది పల్లెల్లో ఒకప్పుడు తమిళుడినీ, తెలుగువాడినీ, మలయాళీనీ కలిపి ‘మద్రాసీ’ అన్నట్టే. లెజ్గింకా అనే పేరు కూడా ఈ గంపగుత్త వాడుకలో పుట్టినదే అంటారు చాలామంది, కాకసస్ మొత్తం ఆడే నృత్యానికి ఒక్క జాతి పేరు ఎందుకుందో దీంతో కొంత అర్థమవుతుంది.

మరి అసలు లెజ్గిన్లను ఏమనేవారు? 19వ శతాబ్దంలో ఈ భాషను వివరంగా పరిశీలించిన రష్యన్ సైనికాధికారి, భాషావేత్త ప్యోత్ర్ ఉస్లార్ దాన్ని ‘క్యూరిన్ భాష’ అన్నాడు, క్యూరా అనే ప్రాంతం పేరు మీద. సమూర్ లోయవాళ్ళను ఊరి పేరుతోనో, లోయ పేరుతోనో పిలిచేవారు. 1920ల్లో సోవియట్ ప్రభుత్వం జాతుల జాబితాలు తయారుచేసేటప్పుడు లెజ్గిన్ అనే పేరు ఈ ఒక్క జనానికే స్థిరపడింది. కాబట్టి 1850 నాటి రాతలో ‘లెజ్గిన్’ అని కనిపిస్తే ఒక అర్థం, 1950 నాటి రాతలో కనిపిస్తే ఇంకో అర్థం. ఇంటర్నెట్‌లో జరిగే కొట్లాటల్లో సగం ఈ తేడా చూడకపోవడం వల్లనే అని నాకనిపిస్తుంది: ఒకరు పాత రాత తెచ్చి ‘చూడండి, ఇదంతా లెజ్గిన్ల నేల’ అంటారు, ఇంకొకరు అదే రాత చూపించి ‘లెజ్గిన్ అనే జాతే లేదు, సోవియట్లు కనిపెట్టారు’ అంటారు. పేరు కొత్తగా స్థిరపడింది, నిజమే. ఆ పేరు పెట్టించుకున్న జనం, వాళ్ళ భాష అంతకుముందు నుంచే ఉన్నాయి.

## ప్రాచీన అల్బేనియాకు వారసులెవరు?

ఇక్కడ అల్బేనియా అంటే యూరప్‌లోని దేశం కాదు. దానితో ఏ సంబంధమూ లేకుండా, పాత కాలంలో తూర్పు కాకసస్‌లో ఒక రాజ్యం ఉండేది, గ్రీకు, రోమన్ రచయితలు దాన్ని అల్బేనియా అన్నారు. అక్కడ 26 భాషలు మాట్లాడేవారని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. అదే ప్రాంతంలో ‘లెగి’ అనే జనం ఉన్నారని కూడా గ్రీకు రాతలు చెబుతాయి, తర్వాత అరబ్బు రచయితలు ‘లక్జ్’ అనే నేల గురించి రాశారు.

లెజ్గిన్లలో చాలామంది చదువుకున్నవాళ్ళు తమను ఆ అల్బేనియాకు వారసులుగా చెప్పుకుంటారు. అజర్‌బైజాన్‌లో పండితులు ఆ రాజ్యాన్ని తమ దేశ చరిత్రలో మొదటి అధ్యాయంగా చూస్తారు. ఆర్మేనియా పండితుల లెక్క మళ్ళీ వేరు. వారసత్వం రుజువైతే నేల మీద హక్కు రుజువైనట్టే అన్న భావన వెనక ఉండడం వల్ల ఈ చర్చ మామూలుగా సాగదు.

గట్టి ఆధారం ఒకటి 1990ల్లో దొరికింది. ఈజిప్టులోని సినాయి కొండ మఠంలో, జార్జియన్ రాత కింద చెరిపేసిన పాత రాతలో అల్బేనియన్ భాష ఉందని జార్జియా పండితుడు జాజా అలెక్సిద్జే గుర్తించాడు. చదివి ప్రచురించేసరికి 2008 అయింది. ఆ భాష ఇవాళ అజర్‌బైజాన్‌లోని నిజ్ అనే ఊళ్ళో ప్రధానంగా మిగిలిన ఉదీ భాషకు పూర్వరూపమని తేలింది. ఉదీ భాషా, లెజ్గి భాషా ఒకే శాఖకు చెందినవి. అంటే లెజ్గిన్ల భాష ఆ పాత అల్బేనియన్‌కు కూతురు కాదు, చుట్టం. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, తెలుగు, గోండి ఒకే కొమ్మవే. రేపు రెండు వేల ఏళ్ళనాటి గోండి శాసనం ఏదైనా బయటపడితే అది తెలుగుకు దగ్గరి చుట్టమే అవుతుంది గానీ తెలుగుకు తల్లి కాదు. ఆ రాజ్యంలో ఉన్న అనేక జనాల్లో లెజ్గిన్ల పూర్వీకులూ ఉండి ఉండవచ్చు, దానికి అడ్డేమీ లేదు. కానీ ఆ రాజ్యం మొత్తం ఏ ఒక్కరి తాతల ఆస్తీ అని చెప్పడానికి ఈ రాతలు సాయపడవు.

## ఒక ఎలుగుబంటి, పద్దెనిమిది విభక్తులు

భాష దగ్గరికి వద్దాం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

లెజ్గి భాష టర్కీ, అజర్‌బైజానీ భాషల కుటుంబంలోది కాదు. రష్యన్, పర్షియన్, హిందీ ఉన్న కుటుంబంలోదీ కాదు. ఈశాన్య కాకేసియన్ అనే వేరే కుటుంబం ఉంది, చెచెన్, అవార్ కూడా అందులోవే. దానిలో లెజ్గిక్ శాఖలో తబసరాన్, అగుల్, రుతుల్, త్సఖూర్, ఉదీ వంటి భాషలున్నాయి. తబసరాన్లు, అగుల్‌లు లెజ్గిన్లకు భాషలో దగ్గరి చుట్టాలు, అయినా వాళ్ళు తమను లెజ్గిన్లు అనుకోరు. ‘లెజ్గిక్’ అనేది భాషా శాస్త్రవేత్తలు శాఖకు పెట్టుకున్న పేరు, ‘లెజ్గిన్’ అనేది జాతి పేరు. ఈ రెండూ కలిపేసి జనాభా లెక్క పెంచేవాళ్ళున్నారు.

లెజ్గిలో ఎలుగుబంటిని ‘సెవ్’ అంటారు. విభక్తులు ఎలా చేరతాయో చూడండి. ‘సెవ్రెల్’ అంటే ఎలుగుబంటి మీద. ‘సెవ్రెలాయ్’ అంటే ఎలుగుబంటి మీద నుంచి. ‘సెవ్రెల్ది’ అంటే ఎలుగుబంటి మీదికి. మీద అనే చోట కింద కావాలంటే ‘సెవ్రెక్’, కింద నుంచి అయితే ‘సెవ్రెకాయ్’, కిందికి అయితే ‘సెవ్రెక్ది’. ఇలాగే దగ్గర, వెనక, లోపల అనే చోట్లకు కూడా ఉన్నాయి. ఐదు చోట్లు, ఒక్కోదానికి ఉండడం, నుంచి రావడం, వైపు వెళ్ళడం అని మూడేసి, లోపల అనేదానికి మాత్రం రెండే. మొత్తం పద్నాలుగు. వాటికి మామూలు విభక్తులు నాలుగు కలిపితే పద్దెనిమిది.

ఈ పద్దెనిమిది అంకె విని ఇంగ్లీషువాళ్ళు గుండె బాదుకుంటారు. తెలుగువాళ్ళకు అంత బెదురు అక్కర్లేదు. మనం ‘బల్ల మీదనుంచి’, ‘మంచం కిందికి’, ‘తలుపు వెనకనుంచి’ అని రోజూ అంటున్నామా లేదా? చోటు చెప్పే ముక్క ముందు, కదలిక చెప్పే ముక్క తర్వాత. లెజ్గి చేసేదీ అదే పని, కాకపోతే ముక్కలు మాటలో పూర్తిగా కరిగిపోయాయి.

ఇంకో పోలిక ఇంకా దగ్గరిది. ‘జున్ ఫిజ్వా’ అంటే నేను వెళ్తున్నాను. ‘జా ఫు నెజ్వా’ అంటే నేను రొట్టె తింటున్నాను. (జ అని రాసినచోట జడ్ అక్షరపు శబ్దం పలకాలి.) రెండిట్లోనూ ‘నేను’ ఉంది, కానీ వెళ్ళినప్పుడు జున్, తిన్నప్పుడు జా. క్రియకు కర్మ ఉంటే చేసినవాడి రూపం మారిపోతుంది, దీన్నే భాషావేత్తలు ఎర్గేటివ్ అంటారు. హిందీలో ‘మై గయా’ కానీ ‘మైనే రోటీ ఖాయీ’ అన్నట్టు, అయితే హిందీలో ఇది జరిగిపోయిన పనికే, లెజ్గిలో అన్ని కాలాలకూ. ఇప్పుడు మూడోది చూడండి: ‘జాజ్ చిదా’ అంటే నాకు తెలుసు. ‘జాజ్ వున్ కాందా’ అంటే నాకు నువ్వంటే ఇష్టం. తెలియడం, కనబడడం, ఇష్టపడడం మనిషి చేసే పనులు కావు, మనిషికి కలిగేవి అని రెండు భాషలూ అనుకుంటాయి. మనకూ వాళ్ళకూ ఏ చుట్టరికమూ లేదు, అయినా ‘నేను ప్రేమిస్తున్నాను’ కన్నా ‘నాకు ఇష్టం’ అనేదే ఇద్దరి నోటికీ తేలిగ్గా వస్తుంది.

తేడాలు కూడా ఉన్నాయి. మన క్రియ మనిషిని చూసి మారుతుంది: వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది. లెజ్గిలో ఎవరొచ్చినా ‘అతనా’, అంతే. చుట్టాల భాషల్లో నామవాచకాలకు లింగాల వంటి తరగతులున్నాయి, అవార్‌లో మూడు, అర్చీలో నాలుగు. లెజ్గి వాటిని పూర్తిగా వదిలేసింది. అంకెలు ఇరవైల లెక్కన నడుస్తాయి: ఇరవై అంటే ‘కాద్’, అరవై అంటే ‘పుద్‌కాద్’, అంటే మూడు ఇరవైలు, ఎనభై అంటే నాలుగు ఇరవైలు. నలభైకి మాత్రం విడిగా ‘యఖ్‌త్సుర్’ అనే మాట ఉంది.

హల్లులు యాభై పైనే. వాటిలో కొన్నిటికి తెలుగులో అక్షరం లేదు, గొంతు బిగబట్టి టక్కున వదిలే క, త, చ లాంటివి. పైన నేను ‘కాందా’ అని రాసిన మాటలో క నిజానికి అలాంటిదే.

## మూడు లిపులు మారిన వందేళ్ళు

1928 దాకా లెజ్గి అరబ్బీ లిపిలో రాసేవారు. 1928లో లాటిన్ తెచ్చారు. పదేళ్ళు తిరక్కుండా 1938లో రష్యన్ అక్షరాలు వచ్చాయి. ఒక్క మనిషి తన జీవితకాలంలో మూడుసార్లు ఓనమాలు దిద్దుకోవాల్సి వచ్చిందన్నమాట. తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేడు.

రష్యన్ అక్షరాల్లో గొంతు బిగబట్టే శబ్దాలకు అక్షరాల్లేవు కాబట్టి పక్కన ఒక నిలువు గీత పెడతారు, దాని పేరు ‘పాలోచ్కా’, చిన్న కర్ర అని అర్థం. మామూలు కీబోర్డులో అది ఉండదు, అందుకని జనం 1 అంకె కొట్టేస్తుంటారు. ఇంకో లోటు మనకు వెంటనే తడుతుంది: క, ఖ వంటి తేడా లెజ్గిలో ఉంది, కానీ రాతలో లేదు. రెండిటికీ ఒకటే అక్షరం. మన లిపిలో అయితే ఆ ఇబ్బందే ఉండేది కాదు.

సాహిత్యం పాతదే. ఎతిమ్ ఎమిన్ (1838–1884) కవితలను లెజ్గి రాత సాహిత్యానికి మొదలుగా చెబుతారు. సులేమాన్ స్తాల్‌స్కీ (1869–1937) చదవడం రాయడం రాని కవి, నోటితో చెబితే ఇతరులు రాసుకున్నారు. 1934లో సోవియట్ రచయితల మహాసభలో మాక్సిం గోర్కీ ఆయన్ను 20వ శతాబ్దపు హోమర్ అన్నాడు. ఇవాళ మఖాచ్‌కలా నుంచి ‘లెజ్గి గజెట్’ వస్తోంది, దెర్బెంత్‌లోనూ కుసార్‌లోనూ లెజ్గి నాటకశాలలున్నాయి.

అయినా యునెస్కో దీన్ని ముప్పు అంచున ఉన్న భాషల్లో చేర్చింది. లక్షలమంది మాట్లాడుతుంటే ముప్పేమిటి అనిపిస్తుంది. రష్యా వైపు బడి రష్యన్‌లో, మాతృభాష ఒక సబ్జెక్టు మాత్రమే, పైగా 2018 చట్ట సవరణతో అది తల్లిదండ్రులు కోరుకుంటేనే. అజర్‌బైజాన్ వైపు బడి అజర్‌బైజానీలో, లెజ్గి వారానికి ఒకటి రెండు గంటలు. ఇంట్లో మాట్లాడినంత కాలం బతుకుతుంది, పట్నం వెళ్ళిన ఇంట్లో పిల్లలు రష్యన్‌లోనే అన్నం అడుగుతారు. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న తెలుగింటి అమ్మానాన్నలకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే మనకు వెనక కోట్లమంది, రెండు రాష్ట్రాలు ఉన్నాయి. వాళ్ళకు రాష్ట్రం లేదు.

## మతం: సున్నీలు, ఒక షియా ఊరు, ఒక వసంత మంట

లెజ్గిన్లలో అత్యధికులు సున్నీ ముస్లింలు, షాఫియీ సంప్రదాయం. అజర్‌బైజాన్‌లో మెజారిటీ షియాలు కాబట్టి అక్కడ లెజ్గిన్లు భాషలోనే కాక మతశాఖలోనూ వేరుగా కనబడతారు. అలాగని భాష గీతా మతం గీతా ఒకటే అనుకుంటే పొరపాటు. డాగెస్తాన్‌లో సమూర్ లోయలో మిస్కింజా అనే లెజ్గిన్ ఊరు ఉంది, అక్కడివాళ్ళు షియాలు. చుట్టూ అన్నీ సున్నీ ఊళ్ళు, మధ్యలో ఇదొక్కటి.

అరబ్బులు దెర్బెంత్ దాకా వచ్చింది ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో. అక్కడి జుమా మసీదు 733 నాటిది. పై లోయలకు ఇస్లాం చేరడానికి ఇంకా కొన్ని వందల ఏళ్ళు పట్టింది. 19వ శతాబ్దంలో రష్యన్ సైన్యాల మీద కొండవాళ్ళ యుద్ధానికి నాయకుడు ఇమామ్ షామిల్ అవార్ అయినా, ఆ ఉద్యమానికి ఆధ్యాత్మిక గురువు ముహమ్మద్ యారాగీ లెజ్గిన్, యారాగ్ అనే ఊరివాడు, నక్ష్‌బందీ సూఫీ.

సోవియట్ కాలంలో మసీదులు మూతపడ్డాయి, మతం ఇళ్ళలోకి, సమాధుల దగ్గరికి వెళ్ళింది. షాల్‌బుజ్‌దాగ్ కొండ మీదున్న పీర్ సులేమాన్ సమాధికి ఎండాకాలం జనం నడిచి వెళ్తారు, కొండ ఎత్తు నాలుగు వేల మీటర్లు దాటుతుంది.

మార్చి 21, 22 ప్రాంతంలో ‘యారన్ సువర్’ వస్తుంది, వసంతం పండగ. సాయంత్రం ఊరి బయట, ఇళ్ళ ముందు, కొన్నిచోట్ల మిద్దెల మీద మంటలు వేస్తారు. పిల్లలూ పెద్దలూ మంట మీంచి దూకుతారు, ఏడాదిలో పట్టిన పీడ, జబ్బు ఆ మంటలో పోవాలని. భోగి మంటలో పాత సామాను వేసే మనకు ఆ ఊహ కొత్తగా అనిపించదు. ఇది నౌరోజ్ సమయమే కాబట్టి పర్షియన్ ప్రభావం అంటారు కొందరు, పాత కొండ మతంలోని ఆల్పన్ అనే అగ్నిదేవుడి జాడ అంటారు ఇంకొందరు. రెండూ కలిసి ఉండడానికి అడ్డేమీ కనబడదు. మతాన్ని కఠినంగా పాటించేవాళ్ళు మంట దూకడాన్నీ, సమాధుల దగ్గర మొక్కుకోవడాన్నీ ఇస్లాంకు విరుద్ధం అంటారు. సూఫీ మార్గంలో ఉన్నవాళ్ళు సమాధి దర్శనాన్ని సమర్థిస్తారు. చాలా ఇళ్ళలో తాత మంట వేస్తాడు, మనవడు పక్కకు తప్పుకుంటాడు.

## నది ఎప్పుడు సరిహద్దయింది?

1860లో రష్యన్ చక్రవర్తి ప్రభుత్వం డాగెస్తాన్ ప్రాంతాన్ని ఏర్పాటు చేసింది. సమూర్‌కు ఉత్తరం అందులోకి, దక్షిణాన కుబా వైపు ఊళ్ళు బాకూ గవర్నరేట్ కిందికి. రెండూ ఒకే సామ్రాజ్యంలోని జిల్లాలు, గొర్రెల మందలు యథాప్రకారం దాటేవి. సోవియట్ కాలంలో అదే గీత రెండు రిపబ్లిక్‌ల మధ్య హద్దయింది, అప్పుడూ ఎవరూ ఆపలేదు. 1991 చివర సోవియట్ యూనియన్ పోయాక అది రెండు దేశాల సరిహద్దయింది. అన్నదమ్ములు ఉన్నచోటే ఉన్నారు, పాస్‌పోర్టులు వేరయ్యాయి.

అంతకుముందు వీళ్ళందరికీ ఒకే రాజ్యం ఉండేదా అంటే, ఇటీవలి శతాబ్దాల్లో లేదు. సమూర్ లోయలో ఎవరికి వాళ్ళు పాలించుకునే ఊళ్ళ కూటములు, కింద ఖాన్‌ల రాజ్యాలు, 1812లో రష్యన్లు నిలబెట్టిన క్యూరా ఖానేట్, ఇలా ముక్కలుగానే ఉన్నారు. విడిపోయిన రాజ్యం అనడం కన్నా విడిపోయిన జనం అనడం సరైన మాట.

1990లో డాగెస్తాన్‌లో ‘సద్వాల్’ అనే ఉద్యమం పుట్టింది, ఐక్యత అని అర్థం. లెజ్గిన్ నేలంతా ఒక్కటి కావాలన్నది మొదటి డిమాండ్. 1994 మార్చి 19న బాకూ మెట్రోలో బాంబు పేలి 14 మంది చనిపోయారు, అజర్‌బైజాన్ కోర్టులు సద్వాల్ మనుషుల్ని దోషులుగా తేల్చాయి. ఆ ముద్ర ఏ సంబంధమూ లేని మామూలు లెజ్గిన్ల మీద కూడా పడింది. అజర్‌బైజాన్ మాట ఏమిటంటే, మా లెజ్గిన్లు సమాన పౌరులు, పార్లమెంటులో, సైన్యంలో ఉన్నారు, వేర్పాటు మాటలు బయటి నుంచి ఎగదోస్తున్నవి అని. 2020లో ఆర్మేనియాతో జరిగిన కరబాఖ్ యుద్ధంలో అజర్‌బైజాన్ తరఫున లెజ్గిన్లు చనిపోయిన మాటా నిజమే. డాగెస్తాన్ వైపు కార్యకర్తల మాట, భాషకు బడిలో చోటు ఇవ్వకుండా, నెమ్మదిగా అజర్‌బైజానీలలో కలిపేస్తున్నారు అని. వారానికి రెండు గంటల పాఠం చూస్తే ఆ భయం ఉత్తదని కొట్టిపారేయలేం. అదే సమయంలో రష్యా వైపు పట్నాల్లో భాష జారిపోతున్న తీరు కూడా ఏమంత మెరుగ్గా లేదు.

ఇందాకటి గొర్రెల దారి ఇప్పుడు గుర్తు చేసుకోండి. 1954లో మేత భూముల కోసం అజర్‌బైజాన్‌లోని ఖచ్మాజ్ ప్రాంతంలో కొంత నేలను డాగెస్తాన్‌కు తాత్కాలికంగా ఇచ్చారు. అక్కడ ఖ్రఖ్-ఉబా, ఉర్యన్-ఉబా అనే రెండు చిన్న లెజ్గిన్ ఊళ్ళు నిలిచాయి. అందరూ ఒకే దేశంలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. తర్వాత చూస్తే చుట్టూ అజర్‌బైజాన్, మధ్యలో రష్యా పౌరులు కొన్ని వందలమంది. 2010 సెప్టెంబర్ 3న అప్పటి రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్, అజర్‌బైజాన్ అధ్యక్షుడు ఇల్హామ్ అలియేవ్ బాకూలో సంతకం పెట్టిన సరిహద్దు ఒప్పందంతో ఆ నేల అజర్‌బైజాన్‌దే అని ఖాయమైంది. ఊరివాళ్ళ ముందు రెండు దారులు: పౌరసత్వం మార్చుకోవడం, లేదా ఇల్లూ సమాధులూ వదిలి నది దాటి వెళ్ళడం.

అదే ఒప్పందం సమూర్ నీళ్ళను చెరిసగం చేసింది. అంతకుముందు ఎక్కువ వాటా అజర్‌బైజాన్‌కు పోయేది, ఆ నీళ్ళు కాలువ మీదుగా బాకూ దాకా వెళ్ళి తాగునీరవుతాయి. సగం సగం అంటే డాగెస్తాన్‌కు లాభమే కదా అని సమర్థించేవాళ్ళ వాదన, ఎప్పటికైనా హద్దు తేలాలి కదా అని కూడా. వ్యతిరేకించేవాళ్ళు, నదికి తన కోసం మిగిలే నీరెంత అని అడుగుతారు. డెల్టాలో తీగలు అల్లుకున్న అరుదైన అడవి ఒకటి ఉంది, భూగర్భ జలం తగ్గితే అది ఎండిపోతుంది. 2019లో రష్యా అక్కడ సమూర్ జాతీయ పార్కును ప్రకటించింది. కృష్ణా నీళ్ళ మీద రెండు రాష్ట్రాల వాదనలు విన్నవాళ్ళకు ఈ తగువు స్వరం బాగా తెలుసు.

## ఎంతమంది?

రష్యా 2021 జనగణనలో లెజ్గిన్లు సుమారు 4 లక్షల 89 వేలు, అందులో డాగెస్తాన్‌లోనే 4 లక్షల 17 వేలు, అంటే అక్కడి జనంలో 13 శాతం. అవార్లు, దార్గిన్లు, కుమిక్‌ల తర్వాత నాలుగో స్థానం. అజర్‌బైజాన్ 2009 లెక్కలో 1 లక్షా 80 వేలు, 2019 లెక్కలో 1 లక్షా 68 వేల దరిదాపు. రెండూ కలిపితే ఆరున్నర లక్షలు.

లెజ్గిన్ సంఘాలు అజర్‌బైజాన్ అంకెను ఒప్పుకోవు, నిజం దానికి ఎన్నో రెట్లు అంటాయి. పట్నంలో లెజ్గిన్ తండ్రి, అజర్‌బైజానీ తల్లి ఉన్న ఇంట్లో పుట్టి, లెజ్గి రాని కుర్రాడు లెక్కలవాడికి ఏమని చెబుతాడు? అజర్‌బైజానీ అనే చెప్పవచ్చు. ప్రభుత్వ లెక్కలో అతను లేడు, సంఘం లెక్కలో ఉన్నాడు. లెక్క మనిషి చెప్పుకున్నదాని మీదా, పుట్టుక మీదా, భాష మీదా అని మూడు ప్రశ్నలున్నాయి, మూడిటికీ మూడు అంకెలు వస్తాయి. పాతకాలపు గంపగుత్త ‘లెజ్గి’ కూడా కలిపితే నాలుగోది వస్తుంది. ఎక్కడైనా పెద్ద అంకె కనబడితే ముందు అడగాల్సింది వీటిలో ఏ ప్రశ్నకు జవాబని.

## ఇప్పుడు వంతెన దగ్గర

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు అజర్‌బైజాన్ భూమార్గాలు మూసింది. కోవిడ్ తగ్గింది, మూసివేతను మాత్రం ఏళ్ళ తరబడి పొడిగిస్తూ వచ్చింది, భద్రత కోసం అని ప్రభుత్వం చెప్పే కారణం. లారీలు వెళ్తాయి, మామూలు ప్రయాణికుడు రాలేడు. మగరమ్‌కెంత్ నుంచి కుసార్‌కు ఉన్న దూరం కొన్ని పదుల కిలోమీటర్లే. ఒకప్పుడు పొద్దున బయల్దేరి, మేనత్త ఇంట్లో భోంచేసి, చీకటి పడేలోపు తిరిగొచ్చేవాళ్ళు. ఇప్పుడు అదే మేనత్త చనిపోతే, నది అవతల కనబడే ఊరికి విమానం టికెట్ వెతుక్కోవాలి, ముస్లిం ఆచారం ప్రకారం ఖననం ఆలస్యం చేయరు కాబట్టి అది దొరికేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి.